మీ పది అభిమాన వీడియో గేముల్లో మొదటి స్థానం ఆటకా, జ్ఞాపకానికా?

పాతకీబోర్డు:

నాకు జీవితంలో బాగా నచ్చిన పది వీడియో గేముల జాబితాను కొద్ది వారాలుగా రాస్తూ, కొట్టివేస్తూ ఉన్నాను. కింది ఏడు స్థానాలు ఒక్క సాయంత్రంలో తేలిపోయాయి. డూమ్, పోర్టల్, మైన్‌క్రాఫ్ట్, స్టార్‌డ్యూ వ్యాలీ వంటివి తమంతట తామే కుదురుకున్నాయి. వాటిలో ఏది ఆరోది, ఏది ఏడోది అన్నదానిపై నాకు పెద్ద పట్టింపు లేదు. చిక్కంతా పై మూడింటితోనే వచ్చింది. సూపర్ మారియో బ్రదర్స్‌నూ టెట్రిస్‌నూ ఎన్నిసార్లు పైకి జరిపినా, మొదటి స్థానంలోకి ప్రిన్స్ ఆఫ్ పర్షియా తిరిగి వచ్చి కూర్చుంటోంది.

న్యాయంగా చూస్తే ఆ స్థానం మారియోది. 1985లో వచ్చిన ఆ ఆట మొదటి లెవెల్ ఇప్పటికీ చదువుకోదగిన పాఠంలా ఉంటుంది. ఎదురుగా నడిచివచ్చే గూంబా అనే శత్రువును తప్పించుకోవడానికి ఎగరాలి, ఎగిరితే నెత్తిమీది పెట్టెకు తల తగులుతుంది, దానిలోంచి వచ్చిన పుట్టగొడుగు కుడివైపుకు జారి గొట్టానికి కొట్టుకుని మన మీదికే తిరిగి వస్తుంది. తెర మీద ఒక్క సూచన కూడా రాయకుండా ఆట నియమాలన్నీ అక్కడే నేర్పేశారు. సుమారు 40 కిలోబైట్లలో 32 లెవెల్‌లను ఇమడ్చడానికి మబ్బుకూ పొదకూ ఒకే బొమ్మను రంగు మార్చి వాడుకున్నారని తెలిశాక నాకు దాని మీద గౌరవం ఇంకా పెరిగింది.

1989 నాటి ప్రిన్స్ అంత మర్యాదగల ఆట కాదు. దాని రూపకర్త జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తడాన్నీ దూకడాన్నీ వీడియో తీసి, ఆ చిత్రాల మీదుగా బొమ్మలు గీసుకున్నాడు కాబట్టి నడకలో జీవం ఉంటుంది గానీ, ఎత్తిన అడుగు పూర్తయ్యేదాకా రాకుమారుడు మన మాట వినడు. పైగా మొత్తం ఆటకు 60 నిమిషాలే గడువు. కొత్తగా ఎవరికైనా ఇస్తే పది నిమిషాల్లో విసుగుపుట్టి పక్కన పెట్టేస్తారని నా అనుమానం.

అయినా ఆ పేరు ఎందుకు కదలదంటే, దాన్ని నేను ఒంటరిగా ఎన్నడూ ఆడలేదు. ఒకే కీబోర్డు ముందు అక్క, నేను ఇరుక్కుని కూర్చునేవాళ్లం. బాణం కీలు అక్కవి, షిఫ్ట్ నాది. అంచు పట్టుకుని వేలాడాలన్నా, ఆచితూచి ఒక్కో అడుగు వేయాలన్నా, కత్తి దూశాక దెబ్బ వేయాలన్నా షిఫ్ట్ నొక్కవలసిందే. రాకుమారుడు ఇనుప ముళ్ల మీద పడిన ప్రతిసారీ నేను ఆలస్యం చేశానని అక్క, తాను తొందరపడిందని నేను వాదించుకునేవాళ్లం. చివరికి పన్నెండో లెవెల్‌లో మా ముందుకు నీడ వచ్చింది. అంతకుముందు నాలుగో లెవెల్‌లో అద్దంలోంచి దూకినప్పుడు రాకుమారుడి నుంచి విడిపోయిన మనిషి అది. దాన్ని ఒక దెబ్బ వేస్తే తెర అడుగున మన ప్రాణాన్ని చూపే ఎర్ర త్రిభుజాల్లో ఒకటి ఆరిపోతుంది. నేను రెండు దెబ్బలు వేశాను, రెండు త్రిభుజాలు పోయాయి. మూడోసారి నా వేలు దిగబోతుండగా అక్క నా చేతిని పట్టుకుని పక్కకు తీసి, కింది బాణం నొక్కి రాకుమారుడి కత్తిని ఒరలో పెట్టించింది. నీడ కూడా కత్తి దించింది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచివచ్చి ఒక్కరైపోయారు. ఆ తర్వాత నేల లేని చోట అక్క అతన్ని పరుగెత్తించగా, అడుగు పడినచోటల్లా రాళ్లు పుట్టుకొచ్చాయి. ఆ క్షణంలో అక్కకు ఆ ఆలోచన ఎలా తట్టిందో నాకు నేటికీ ఆశ్చర్యమే.

ఇంతకూ నా ప్రశ్న ఏమిటంటే, ఇటువంటి జాబితాలో పైస్థానం ఇవ్వవలసింది ఆటకా, ఆ ఆట ఆడిన రోజులకా? మీరు మీ జాబితాలను ఏ లెక్కన పేర్చుకున్నారు?

ఏడుముక్కలు:

నా లెక్క చాలా మొరటుది. పక్కన ఎవరూ లేకుండా, పాత సంగతులేవీ తలుచుకోకుండా, ఈ రోజు ఒక గంటసేపు ఆడగలనా అని చూస్తాను. ఆడగలిగితే అది పై ఐదింటిలోకి వస్తుంది, లేకపోతే ఎంత గొప్ప పేరున్నా కిందికి పోతుంది. ఈ పరీక్షలో ఎప్పుడూ నెగ్గేది పైనుంచి పడే ముక్కలను వరుసలుగా పేర్చే టెట్రిస్ ఒక్కటే. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్‌నోవ్ దాన్ని తయారుచేసిన ఎలెక్ట్రానికా 60 కంప్యూటర్‌కు బొమ్మలు గీసే శక్తి లేక, అక్షరాల మధ్య వాడే కుండలీకరణాలతోనే ముక్కలను చూపించవలసి వచ్చింది. నలభై ఏళ్లు గడిచినా ఆ ఏడు ఆకారాలకు ఎవరూ ఎనిమిదోది చేర్చవలసిన అవసరం పడలేదంటే, అంతకంటే చెప్పేదేముంది?

అయితే నా పరీక్ష అంత నిష్పాక్షికమైనదని బుకాయించలేను. మా ఇంట్లో చేత పట్టుకుని ఆడే గేమ్ బాయ్ యంత్రం నాకోసం వచ్చిందే గానీ, దాన్ని ఎక్కువగా ఆడింది మా అమ్మ. ఆమె మరే ఆటా ముట్టుకోలేదు. కుడి చివరి నిలువు వరుసను పూర్తిగా ఖాళీగా వదిలి, మిగతా తొమ్మిది వరుసలను గోడలా కట్టుకుంటూ పోయి, పొడవు ముక్క కోసం ఓపికగా కాచుకుని, అది రాగానే నాలుగు వరుసలను ఒక్కసారిగా మాయం చేసేది. పొడవు ముక్క రాక గోడ పైకి పెరిగిపోతుంటే నేను పక్కనుంచి కంగారు పడేవాణ్ణి, ఆమె మాత్రం రెప్ప వేసేది కాదు. ఆ కార్ట్రిడ్జ్‌లో స్కోర్లు దాచుకునే బ్యాటరీ ఉండదు. స్విచ్ ఆపగానే అన్నీ చెరిగిపోతాయి. అందుకని అమ్మ తన స్కోర్లను ఆటతో వచ్చిన చిన్న పుస్తకం చివరి పేజీలో పెన్సిల్‌తో రాసుకునేది. నేను కొన్ని నా పేరిట దొంగతనంగా రాశాను కూడా. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

తీగచివర:

పాతకీబోర్డు గారూ, మీరు అనవసరంగా మొహమాటపడుతున్నారు. నా జాబితాలో మొదటిది, పోకేమాన్ అనే వింత జీవులను పట్టి పోరాడించే పోకేమాన్ రెడ్, దాని లోపాలు నాకు తెలియక కాదు. మానసిక శక్తిగల పోకేమాన్‌లకు దయ్యాల దాడులంటే భయమని ఆటలోని ఒక పాత్రే చెబుతుంది, తీరా చూస్తే ప్రోగ్రాములోని పొరపాటు వల్ల ఆ దాడులు వాటిని తాకనే తాకవు. ఇంకా ఇలాంటివి పుట్టెడు ఉన్నాయి.

నా స్నేహితుడొకడు వేరే ఊరికి వెళ్లిపోయే ముందు రోజు తన గేమ్ బాయ్‌నూ నా గేమ్ బాయ్‌నూ తీగతో కలిపి కదాబ్రా అనే పోకేమాన్‌ను నాకు పంపాడు. అది చేయి మారితేనే అలకజామ్‌గా మారుతుంది; ఒంటరిగా ఎన్ని వందల గంటలు ఆడినా మారదు. మొత్తం 151 పోకేమాన్‌లు కావాలంటే ఇంకొక మనిషి ఉండి తీరాలన్నది ఆ ఆట పెట్టిన నిబంధన. చేయి మారిన పోకేమాన్ వివరాల్లో దాన్ని మొదట పట్టిన వారి పేరు అలాగే ఉండిపోతుంది. కాబట్టి వాడు వెళ్లిపోయిన తర్వాత కూడా ఆ తెర తెరిచినప్పుడల్లా వాడి పేరు కనిపించేది. మేము ఉత్తరాలు రాసుకోవడం ఎప్పుడో మానేశాం గానీ, నేను ఏ పోరాటానికి వెళ్లినా ముందు నిలిపేది ఆ అలకజామ్‌నే.

ఆ కార్ట్రిడ్జ్‌లో సేవ్‌ను కాపాడేది నాణెమంత బ్యాటరీ. చాలా ఏళ్ల తర్వాత ఒకనాడు స్విచ్ వేస్తే, "కొనసాగించు" అన్న వరుస లేకుండా కొత్త ఆట మాత్రమే కనిపించింది. బ్యాటరీ మార్పించాను, ఆట మళ్లీ మొదటినుంచి పూర్తిచేశాను, అయితే ఈసారి కదాబ్రా కదాబ్రాగానే ఉండిపోయింది. మొదటి స్థానం ఎందుకిచ్చానో ఇంతకంటే వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

ఎర్రకండువా:

పై ముగ్గురితోనూ నేను కొంత విభేదిస్తాను. మీరందరూ జ్ఞాపకం ఒక వైపు, ఆట ఒక వైపు ఉన్నట్టు తూకం వేస్తున్నారు. అలకజామ్ కథ జరిగింది చేయి మారాలన్న నిబంధనను ఎవరో ఆలోచించి పెట్టినందువల్ల. పాతకీబోర్డు గారి నీడ సంగతి కూడా అంతే. మెక్నర్‌కు కంప్యూటర్ మెమరీలో కొత్త పాత్ర బొమ్మలకు చోటు మిగలలేదు. అందుకని రాకుమారుడి బొమ్మలనే కాస్త మార్చి నీడగా నిలబెట్టాడు. చోటు లేకపోవడం నుంచి, నిన్ను నువ్వే కొట్టుకుంటే నష్టపోయేది నువ్వేనన్న ఘట్టం పుట్టించాడు. అది ఆ ఆట గొప్పతనం కాకపోతే మరెవరి గొప్పతనం? కాబట్టి ప్రిన్స్‌ను మొదటి స్థానంలో ఉంచి సిగ్గుపడనక్కర్లేదు.

నాకు ఇంకొక అభ్యంతరం కూడా ఉంది. ఇలాంటి జాబితాలు ఎప్పుడూ బాల్యం దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? నా మొదటి స్థానం 2012లో వచ్చిన జర్నీది, దాన్ని ఆడేనాటికి నేను ఇద్దరు పిల్లల తల్లిని. రెండు గంటల్లో ముగిసే ఆట అది. దారిలో ఎక్కడో ముక్కూమొహం తెలియని మరో ఆటగాడు తారసపడతాడు. పేరు కనిపించదు, మాట్లాడే వీలుండదు, రాసే వీలుండదు, ఒక చిన్న కూత పెట్టడం తప్ప. మొదట అతన్ని పట్టించుకోకుండా ముందుకు వెళ్లిపోయాను. వెనుకనుంచి రెండు చిన్న కూతలు వినిపించాయి. వెనక్కి చూస్తే, నేను చూడకుండా దాటివచ్చిన ఒక గుర్తు దగ్గర అతను నిలబడి ఉన్నాడు, దాన్ని తీసుకుంటే మన పాత్ర మెడలోని కండువా పొడవు పెరుగుతుంది. తనకోసం కాదు, నాకోసం ఆగాడు.

చివరి మంచుకొండ మీద ఆ కండువాలు గడ్డకట్టి శక్తి తగ్గిపోతుంటుంది, దగ్గరదగ్గరగా నడిస్తే ఒకరి వెచ్చదనం ఒకరికి అందుతుంది. మేము ఒకరి నీడలో ఒకరం అన్నంత దగ్గరగా నడిచాం. గాలి వీచినప్పుడు రాతి వెనుక దాక్కుని, తగ్గగానే ఒకే ఒక్క కూత పెట్టి బయలుదేరేవాళ్లం. ఆట ముగిశాక గానీ తోడు నడిచినవారి పేరు తెర మీదకు రాదు. అదొక అర్థంకాని అంకెలూ అక్షరాలూ కలిసిన పేరు, నేను కాగితం మీద రాసుకోలేదు. అందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

గ్రామీణుడు:

క్లుప్తంగా చెబుతాను. నేను జీవితంలో అన్నిటికంటే ఎక్కువ గంటలు ఆడింది 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. వెచ్చించిన కాలాన్ని బట్టి అయితే అది మొదటిది కావాలి. ఆశ్చర్యమేమిటంటే, అన్ని వందల సాయంత్రాలూ కలిసిపోయి ఇప్పుడు నాకు ఒకే సాయంత్రంగా గుర్తున్నాయి: గొర్రెలు అయిపోతాయి, ఒక గ్రామీణుడు వెళ్లి అడవిపందిని బాణంతో కొట్టి పట్టణ కేంద్రం వైపు పరుగెత్తుకొస్తాడు, సగం దారిలో పంది వాణ్ణి చంపేస్తుంది, అవతలి జట్టులోని ఎవడో ఆటలోని మాటల పెట్టెలో 11 అని కొట్టి, ఆ అంకెకు ముడిపెట్టిన ఆ పాడు నవ్వు వినిపిస్తాడు. ఇది ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. ఎక్కువ ఆడిన ఆట, ఎక్కువ గుర్తున్న ఆట వేరువేరని నాకు అర్థమైనందువల్ల దాన్ని నాలుగో స్థానంలో ఉంచాను. పై మూడు స్థానాలు ఒక్కొక్కసారే ఆడి పూర్తిచేసిన ఆటలకు దక్కాయి.

పాతకీబోర్డు:

అందరికీ కృతజ్ఞతలు. ఎర్రకండువా గారి జవాబు చదివాక నిన్న రాత్రి అక్కకు ఫోన్ చేసి, ఆ నీడ ఘట్టంలో కత్తి దించాలన్న ఆలోచన నీకు ఎలా వచ్చిందని ఇన్నేళ్లకు మొదటిసారి అడిగాను. అక్క చాలాసేపు నవ్వి, తర్వాత చెప్పింది. నాకు జ్వరం వచ్చి పడుకున్న రెండు రోజుల్లో తాను ఒక్కతే కూర్చుని ఆడిందట. నీడను కొట్టి కొట్టి తానే చచ్చిందట, పారిపోయి చూసిందట, పక్కనుంచి దాటబోయిందట, ఏదీ కుదరక చివరికి విసుగుతో చేతికందిన కీలన్నీ నొక్కుతుంటే కత్తి ఒరలోకి వెళ్లిందట. అంటే ఆట అప్పటికే పూర్తయిపోయింది. నాతో ఆడినది రెండోసారి.

మరి నేను రెండు దెబ్బలు వేసేదాకా ఎందుకు ఊరుకున్నావని అడిగితే, "వేయకపోతే నీకు తెలిసేది కాదురా. మూడోది కూడా వేయనిచ్చేదాన్నే, అప్పటికి టైము అయిపోవస్తోంది" అంది.

నా జాబితాలో ఇన్నాళ్లూ ఉన్న జ్ఞాపకం సగం తప్పని తేలింది, అయినా ఆట స్థానం మార్చలేదు. మారియో రెండోది, టెట్రిస్ మూడోది. జర్నీ నేను ఆడలేదు, ఇప్పుడు మొదలుపెడతాను. ఆదివారం అక్క మా ఇంటికి వస్తోంది, ప్రిన్స్‌ను మళ్లీ మొదటినుంచి ఆడాలని అనుకున్నాం. ఈసారి షిఫ్ట్ తనకే కావాలని ముందే చెప్పేసింది.