మాడిఫయర్ 25 మీద ఇన్సూరెన్స్ ఉత్తరం వచ్చింది, పాత క్లెయిమ్‌ల సంగతి ఏం చేయాలి?

సుధ_ఒహాయో అడిగారు:

అందరికీ నమస్కారం. మావారు డెర్మటాలజిస్ట్. ఒహాయోలో సొంత ప్రాక్టీస్. ఆయనతో పాటు ఒక పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్, పేషెంట్లని చూస్తారు), ఇద్దరు మెడికల్ అసిస్టెంట్లు, ఫ్రంట్ డెస్క్‌లో ఒకమ్మాయి ఉంటారు. జీతాలు, అద్దె, ఇన్సూరెన్స్ కాంట్రాక్టులు నేను చూస్తాను. బిల్లింగ్ బయటి కంపెనీకి ఇచ్చాం. వసూలైన దాంట్లో వాళ్లు ఇంత శాతం అని తీసుకుంటారు.

పోయిన వారం ఒక ప్రైవేట్ ఇన్సూరెన్స్ నుంచి ఉత్తరం వచ్చింది. మిగతా డెర్మటాలజిస్టుల కంటే మావారు మాడిఫయర్ 25 (ప్రొసీజర్ చేసిన రోజే విజిట్‌కి కూడా విడిగా డబ్బు అడిగేటప్పుడు బిల్లులో పెట్టే గుర్తు) బాగా ఎక్కువ వాడుతున్నారట, ఇరవై మంది పేషెంట్ల రికార్డులు పంపమన్నారు. బిల్లింగ్ కంపెనీని అడిగితే "ఇకనుంచి 25 పెట్టకుండా పంపేస్తాం మేడం, గొడవ వదిలిపోతుంది" అన్నారు. మావారికి అది నచ్చలేదు. "జబ్బు చూశాను, మందు రాశాను, వేరే చోట ప్రొసీజర్ కూడా చేశాను. రెండిట్లో ఒకటి ఎందుకు వదులుకోవాలి?" అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది.

కానీ ఆ ఇరవై చార్టులూ నేను కూర్చుని చదివాను. కొన్నింట్లో నోట్ చక్కగా ఉంది, ఎందుకొచ్చారు, ఏం చూశారు, ఏం మార్చారు అన్నీ తెలుస్తున్నాయి. కొన్నింట్లో మాత్రం అదే పేరా మళ్లీ మళ్లీ ఉంది, పేషెంట్ పేరు, తేదీ తప్ప ఏమీ మారలేదు. వాటిని అలాగే పంపాలంటే భయంగా ఉంది. అసలు ఆ సందర్భాల్లో 25 పెట్టడం కరెక్టేనా? కాకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలా? మెడికేర్ (ముఖ్యంగా పెద్ద వయసువాళ్లకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) పేషెంట్లకి కూడా ఇలాగే వెళ్లి ఉంటుంది కదా? ఇంకో విషయం, హైదరాబాద్‌లో సర్టిఫైడ్ కోడర్ (డాక్టర్ నోట్ చదివి బిల్లు కోడ్‌లు వేసే పని) అయిన మా పిన్ని కూతురికి ఈ పని అప్పజెప్పవచ్చా? నాలుగు రోజులుగా ఇదే టెన్షన్. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

చార్ట్_ఆడిటర్ జవాబు:

సుధ గారూ, నేను స్కిన్, ఈఎన్‌టీ ప్రాక్టీసుల చార్టులు ఆడిట్ చేస్తుంటాను. ముందుగా ఒక మాట. మీరు చార్టులు తీసి చదవడం చాలా మంచి పని. ఇలాంటి ఉత్తరం రాగానే చాలామంది డినయల్ రిపోర్టులు (ఇన్సూరెన్స్ తిప్పికొట్టిన క్లెయిమ్‌ల జాబితాలు) ముందేసుకుంటారు. అక్కడ ఏమీ దొరకదు, జవాబు నోట్‌లోనే ఉంటుంది.

మాడిఫయర్ 25 అంటే, ప్రొసీజర్ చేసిన రోజే డాక్టర్ అందులో భాగం కాకుండా విడిగా, చెప్పుకోదగ్గ స్థాయిలో ఇంకో పరీక్ష, ఇంకో నిర్ణయం కూడా చేశారని. గడ్డ చూసి "దీన్ని ఫ్రీజ్ చేద్దాం" అనుకోవడం ఆ లెక్కలోకి రాదు. చిన్న ప్రొసీజర్ చేయాలా వద్దా అన్న నిర్ణయం ఆ ప్రొసీజర్ డబ్బులోనే కలిసి ఉంటుంది. పేషెంట్ కొత్తవాళ్లయినా సరే. మెడికేర్ కోడింగ్ రూల్స్ పుస్తకం, ఎన్‌సీసీఐ మాన్యువల్, ఈ విషయం స్పష్టంగా చెబుతుంది. "కొత్త పేషెంట్ కదా, విజిట్ కూడా బిల్ చేద్దాం" అనేవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే.

రెండు చార్టులు ఊహించుకోండి. ఒకాయన తల మీద గరుకు మచ్చలు మూడున్నాయని వచ్చారు. మీవారు చూశారు, యాక్టినిక్ కెరటోసిస్ (ఎండ వల్ల వచ్చే గరుకు మచ్చ) అన్నారు, మూడూ ఫ్రీజ్ చేశారు. బిల్లులో మొదటి మచ్చకి 17000 కోడ్ ఒకటి, మిగతా రెండిటికి 17003 రెండు యూనిట్లు, డయాగ్నోసిస్ కోడ్ ఎల్57.0. అంతే, విజిట్ కోడ్ లేదు. ఇంకొకామెకి గతంలో మెలనోమా వచ్చింది, ఏడాది చెకప్‌కి వచ్చారు. ఒళ్లంతా చూశారు. చేతుల మీద ఎగ్జిమా మళ్లీ ముదిరింది, పాత క్రీము పని చేయడం లేదని కొత్త స్టెరాయిడ్ రాశారు. వెళ్లే ముందు చెంప మీద ఒక కెరటోసిస్ కనిపిస్తే ఫ్రీజ్ చేశారు. ఇక్కడ 17000తో పాటు విజిట్ కోడ్‌కి 25 పెట్టాలి, పెట్టకపోతే చేసిన పనికి డబ్బు పోగొట్టుకున్నట్టే. ముదిరిన దీర్ఘకాలిక జబ్బు, దానికి ప్రిస్క్రిప్షన్ మందు, రెండూ ఉన్నాయి కాబట్టి 2021 రూల్స్ ప్రకారం విజిట్ కోడ్ 99214 వరకు నిలబడుతుంది.

నేను ఆడిట్ చేసేటప్పుడు నోట్‌లో ప్రొసీజర్ గురించి రాసిన వాక్యాలన్నీ పెన్నుతో కొట్టేస్తాను. పర్మిషన్ తీసుకున్నారు, నైట్రోజన్ కొట్టారు, గాయం ఎలా చూసుకోవాలో చెప్పారు, అవన్నీ పోతాయి. మిగిలినదాన్ని మళ్లీ చదువుతాను. అది దానంతటదే ఒక విజిట్‌లా నిలబడితే 25 ఉంటుంది. లేకపోతే లేదు. రెండు డయాగ్నోసిస్‌లు ఉండాలన్న రూలేం లేదు, కానీ రెండు పనులు కనిపించాలి. మీ ఇరవై చార్టుల మీదా ఇలాగే చేసి చూడండి, ఏవి నిలుస్తాయో ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

ఇక "25 పెట్టకుండా పంపేస్తాం" అన్న సలహా గురించి. అది నాకు అస్సలు నచ్చలేదు. కంపెనీ కోడర్ నోట్ చదవకుండా పెట్టినా తప్పే, చదవకుండా తీసేసినా తప్పే. శాతం మీద పని చేసే కంపెనీకి ఎక్కువ బిల్ చేస్తే ఎక్కువ వస్తుంది, అందుకే ఓఐజీ (ప్రభుత్వ ఆరోగ్య శాఖలో మోసాల మీద నిఘా పెట్టే ఆఫీసు) ఇలాంటి ఒప్పందాల విషయంలో జాగ్రత్త అని ఏనాడో చెప్పింది. క్లెయిమ్ వెళ్లేది మీవారి ఎన్‌పీఐ (డాక్టర్ గుర్తింపు నంబర్) మీద. రేపు ఎవరైనా అడిగితే "బిల్లింగ్ వాళ్లు చేశారు" అన్నది జవాబు కాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పాత నోట్లు ఇప్పుడు దిద్దకండి. సిస్టమ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా నమోదవుతుంది. ఉత్తరం వచ్చాక మార్చిన నోట్ పంపితే, చిన్న కోడింగ్ తగాదా కాస్తా ఫ్రాడ్ కేసు అవుతుంది. సంతకం లేని నోట్ ఉంటే దానికి వేరే దారి ఉంది. ఆ సేవ తానే చేశానని డాక్టర్ ఇప్పటి తేదీతో ధ్రువీకరణ రాసి జత చేయవచ్చు, మెడికేర్ దాన్ని ఒప్పుకుంటుంది. ప్రైవేట్ ఇన్సూరెన్స్‌ని మాత్రం అడిగి పంపండి.

క్లినిక్_మేనేజర్_రావు జవాబు:

సుధమ్మా, పై జవాబంతా సరిగ్గా ఉంది. డబ్బు వెనక్కిచ్చే సంగతి నేను చెబుతాను.

ఈ ఉత్తరం పంపిన కంపెనీ విషయంలో మీ కాంట్రాక్టు, ఒహాయో చట్టం చూసుకోవాలి. మెడికేర్ దారి వేరు. ఎక్కువ తీసుకున్నామని తెలిసిన తర్వాత 60 రోజుల్లో చెప్పి తిరిగి కట్టాలి. 2025 జనవరి నుంచి ఒక వెసులుబాటు ఉంది, నిజాయితీగా విచారణ మొదలుపెడితే ఆ గడువు 180 రోజుల వరకు ఆగుతుంది. వెనక్కి ఆరేళ్ల దాకా చూడాలి. తెలిసి కూడా దాచిపెడితే అది ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్ (ప్రభుత్వానికి తప్పుడు బిల్లులు పెట్టడం మీద ఉన్న చట్టం) కిందికి వస్తుంది, మూడింతల నష్టపరిహారం, దాని మీద ఒక్కో క్లెయిమ్‌కి జరిమానా. మీరు చార్టులు చదివారు, అనుమానం వచ్చింది. ఇక తెలియదని ఊరుకోవడం కుదరదమ్మా.

భయపెట్టడానికి చెప్పడం లేదు. తమంతట తాము లెక్క చూసుకుని తిరిగి కట్టినవాళ్లని చాలామందిని చూశాను, ప్రాక్టీసులు హాయిగా నడుస్తున్నాయి. ముందు హెల్త్‌కేర్ లాయర్‌ని పెట్టుకోండి. ఆడిటర్‌ని ఆ లాయర్ ద్వారా పిలిపించండి, అప్పుడు ఆ రిపోర్టుకి లాయర్, క్లయింట్ మధ్య ఉండే రక్షణ దొరికే అవకాశం ఉంటుంది. సొంతంగా ఎక్సెల్‌లో "తప్పు, తప్పు, తప్పు" అని రాసుకుని అందరికీ ఈమెయిల్ చేయకండి.

ఎవరూ అడగని ఇంకో విషయం, మీకు పీఏ ఉన్నారన్నారు. ఆ అమ్మాయో అబ్బాయో చూసిన పేషెంట్లు ఎవరి పేరు మీద బిల్ అవుతున్నారో ఈరోజే చూడండి. పీఏ పేరు మీద వెళ్తే మెడికేర్ 85 శాతం ఇస్తుంది, "ఇన్సిడెంట్ టు" (డాక్టర్ మొదలుపెట్టిన చికిత్సలో భాగంగా, ఆయన పర్యవేక్షణలో పీఏ చేసిన పని) కింద డాక్టర్ పేరు మీద వెళ్తే పూర్తిగా ఇస్తుంది. ఆ 15 శాతం కోసం బిల్లింగ్ వాళ్లు అన్నీ డాక్టర్ పేరు మీదే పంపేస్తుంటారు. పాత పేషెంట్ మోకాలి మీద కొత్త మచ్చ చూపించి, దాన్ని పీఏ ఒక్కరే చూశారనుకోండి. అది కొత్త సమస్య, ఇన్సిడెంట్ టు కింద చెల్లదు. 25 కంటే నాకు దీని మీదే ఎక్కువ అనుమానం.

సుధ_ఒహాయో:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. రాత్రి మావారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కొట్టివేత పద్ధతిలో చదివాం. కొన్ని చార్టుల్లో ప్రొసీజర్ కొట్టేస్తే ఏమీ మిగల్లేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక చార్టు చూపించి, "ఈవిడతో సోరియాసిస్ ఇంజెక్షన్ గురించి చాలాసేపు మాట్లాడాను, అది ఇక్కడ ఒక్క ముక్క లేదు" అన్నారు. ఆ బాధ నాకు అర్థమైంది. పని చేశారు, ముందే రాసిపెట్టుకున్న టెంప్లేట్ పేరా దాన్ని మింగేసింది. లాయర్‌తో సోమవారం మాట్లాడుతున్నాం. బిల్లింగ్ కంపెనీకి ఏం మార్చవద్దని రాతపూర్వకంగా చెప్పాను. పీఏ క్లెయిమ్‌లు ఇంకా చూస్తున్నాను, రావు గారూ. మా చెల్లి విషయం కూడా ఎవరైనా చెబుతారా?

కోడింగ్_లీడ్ జవాబు:

హైదరాబాద్ నుంచి రాస్తున్నాను మేడం. హిపా (పేషెంట్ వివరాల గోప్యత చట్టం) ప్రకారం పేషెంట్ వివరాలు దేశం బయటికి వెళ్లకూడదని ఎక్కడా లేదు. కానీ బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్ (ఆ వివరాలు కాపాడతామని బయటివాళ్లు రాసిచ్చే ఒప్పందం) లేకుండా ఒక్క చార్టు కూడా చూపించకండి, సొంత చెల్లెలైనా సరే. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టి "ఇది కరెక్టేనా చూడవే" అని అడగడం కూడా అందులోకే వస్తుంది. మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు (ప్రైవేట్ కంపెనీలు నడిపే మెడికేర్) విదేశాల్లో పని చేయిస్తుంటే డిక్లరేషన్ అడుగుతాయి, కొన్ని రాష్ట్రాల మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్) అసలు ఒప్పుకోదు. మీ కాంట్రాక్టులన్నీ చదివాకే నిర్ణయం తీసుకోండి. పని చేసేవాళ్ల పేర్లు ప్రతి నెలా ఓఐజీ నిషేధిత జాబితాలో చూడాలి, బిల్లింగ్ కంపెనీ వాళ్లవి కూడా.

చార్ట్_ఆడిటర్:

సుధ గారూ, టెంప్లేట్ మింగేసిందన్నారు కదా, దానికి మందు ఉంది. మీవారిని అసెస్‌మెంట్‌లో ఒక్కో సమస్యకి విడిగా రెండు వాక్యాలు రాయమనండి, ఇప్పుడెలా ఉంది, ఏం మార్చాను అని. ప్రొసీజర్ నోట్‌ని వేరే బాక్స్‌లో పెట్టించండి. పేషెంట్ ముందున్నప్పుడే రాయాలి, సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసేది అరిగిపోతుంది.

టెంప్లేట్ మారుస్తున్నారు కాబట్టి ఎక్సిషన్ (గడ్డ కోసి తీయడం) కొలతకి కూడా ఒక గడి పెట్టించండి. క్యాన్సర్ గడ్డ తీసేటప్పుడు కోయకముందే గడ్డ, దాని చుట్టూ తీసే అంచులు కలిపి కొలవాలి. వీపు మీద గడ్డ 1.4 సెంటీమీటర్లు, రెండు వైపులా 0.4 చొప్పున అంచు తీస్తే మొత్తం 2.2, అంటే 11603 కోడ్. నోట్‌లో కొలత లేకపోతే కోడర్ పెథాలజీ రిపోర్టు (తీసిన ముక్కని ల్యాబ్‌లో పరీక్షించిన రిపోర్టు) చూస్తారు. ఫార్మలిన్‌లో ముక్క కుంచించుకుపోయి అక్కడ 1.9 అని ఉంటుంది, చిన్న సైజు కోడ్ 11602 వెళ్లిపోతుంది. పెథాలజీ వచ్చేదాకా ఆ క్లెయిమ్ ఆపండి, గడ్డ క్యాన్సరో కాదో తేలకుండా కోడ్ వేయకూడదు. రిపోర్టు రాకముందే తొందరపడి డి48.5 అనే డయాగ్నోసిస్ కోడ్ వేసేస్తుంటారు, అది పెథాలజిస్ట్ చూసి ఎటూ తేల్చలేనప్పుడు వేసే కోడ్. మీ కంపెనీ పంపిన వాటిలో డి48.5 ఎన్ని ఉన్నాయో ఒక రిపోర్టు తీయించండి, వాళ్లు నోట్, రిపోర్టు చదువుతున్నారో లేదో దాంతోనే తెలిసిపోతుంది.