పాత నేతచీరలతో బొంతలు కుడుతున్నాను. ఎవరికిస్తే నిజంగా వాడతారు? బెజవాడలో కలిసి కుట్టుకునేవాళ్ళెవరైనా ఉన్నారా?

పాతచీరల టీచరు, సత్యనారాయణపురం:

నమస్కారమండీ. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. బీఆర్టీఎస్ రోడ్డుకి రెండు సందుల అవతల మా ఇల్లు. పోయినేడాది మా అమ్మ పోయింది. ఆవిడ బీరువాలో 43 నేతచీరలున్నాయి. పట్టువి కాదు, అన్నీ ఇంట్లో కట్టుకునేవే. చీరాలవి కొన్ని, మంగళగిరివి కొన్ని. ఉతికి ఉతికి మీగడలా అయిపోయాయి. కడదామంటే కుచ్చిళ్ళ దగ్గర పిగిలిపోతున్నాయి, స్టీలు సామాన్లవాడికి వేద్దామంటే చేతులు రాలేదు.

చిన్నప్పుడు అమ్మ బొంత కుడుతుంటే పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. ఆ ధైర్యంతో నేనే మొదలుపెట్టాను. లెక్క తేలికే. చీర సుమారు 18 అడుగులు. మూడు మడతలు వేస్తే 6 అడుగులు, పన్నా 45 అంగుళాలు. కత్తెర పెట్టకుండానే ఒక్క చీరతో ఒక మనిషికి సరిపడా మూడు పొరల బొంత వస్తుంది. రెండు చీరలైతే ఆరు పొరలు. నాకు ఆరు పొరలే బాగుందనిపించింది, నిండుగా ఉంటుందని. ఇప్పటికి ఏడు కుట్టాను.

అసలు బాధ ఇక్కడ మొదలైంది. రెండు తీసుకెళ్ళి ఒక పిల్లల ఆశ్రమంలో ఇచ్చాను. వార్డెనమ్మ కాఫీ ఇచ్చి, ఫోటో తీసి పంపించింది. రెండు నెలల తర్వాత వేరే పని మీద వెళితే, నా బొంతలు అదే ప్లాస్టిక్ కవర్లో, అదే ముడితో బీరువా మీదున్నాయి. ఏమీ అనలేదు నేను. ఆవిడే అంది: "ఏమనుకోకండి టీచరుగారూ, తడిస్తే అవి మోయలేం. మాకు ఉతికే మనిషి ఒక్కర్తే." ఇంటికొచ్చి ఒకటి బకెట్లో ముంచి చూశాను. నిజమే. ఇద్దరం చెరో కొస పట్టుకుని పిండితేగానీ నీళ్ళు కారలేదు, మూడో రోజుకి ఆరింది.

అందుకే అడుగుతున్నాను. ఎవరికి, ఏ కొలతలో ఇస్తే పనికొస్తుంది? రెండోది, ఒక్కదాన్నే కూర్చుని కుడుతుంటే టీవీ తప్ప తోడు లేదు. నలుగురు చేరి కుట్టుకునే చోటు ఏదైనా ఉందా? మూడోది కొంచెం ఇబ్బందిగా ఉంది. పురిటి పిల్లలకి చిన్న బొంతలు చేద్దామంటే మా చెల్లెలు ఒప్పుకోవడం లేదు. పోయినవాళ్ళ చీరలు పసిబిడ్డలకి వెయ్యకూడదంటుంది. మీరేమంటారు?

సింగ్‌నగర్ వాసి:

మీ మనసు మంచిదే, కానీ ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. 2024 సెప్టెంబర్లో బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు పాత బట్టలు మూటలు మూటలుగా వచ్చాయి. నడుం దగ్గర తాడు లేని లంగాలు, చంక చిరిగిన చొక్కాలు, ఒకటే సాక్సు. మాకప్పుడు కావలసింది పొడి తువ్వాలు, లుంగీ, నైటీ. ఆ మూటలు మళ్ళీ బురదలో కలిసి రోడ్డు మీదే కుప్పపడ్డాయి. ఇచ్చినవాళ్ళకి ఇల్లు ఖాళీ అయింది, మాకు చెత్త పెరిగింది. రోజుల తరబడి కళ్ళు పొడుచుకుని కుట్టే బదులు నాలుగు దుప్పట్లు కొనిచ్చేస్తే పోలా?

పాతచీరల టీచరు:

కోపం లేదు బాబూ. కొనిచ్చే స్తోమత ఉన్నప్పుడు కొనిచ్చాను కూడా. కానీ ఈ చీరలు నా దగ్గరున్నాయి, చేతిలో పనుంది, టైముంది. పనికిరానిది అంటగట్టకూడదనే కదా ముందు అడుగుతున్నాను.

బ్రాడీపేట 4వ లైను:

టీచరుగారూ, నేను స్టాఫ్ నర్సుగా 31 ఏళ్ళు చేశాను, ఎక్కువ భాగం పురిటి వార్డులోనే. సూటిగా చెప్తాను.

పసిపిల్లలకైతే ఆరు పొరలు వద్దే వద్దు. మూడు చాలు. 30 అంగుళాల చదరం చెయ్యండి. జరీ అంచు పూర్తిగా కత్తిరించెయ్యండి, మంగళగిరి చీర నిజాం అంచు చూడ్డానికి బాగుంటుందిగానీ బిడ్డ చెంపకి గుచ్చుకుంటుంది. గుండీలు, పూసలు, వేలాడే కుచ్చులు ఏవీ ఉండకూడదు. ముడి పైకి రాకుండా పొరల మధ్యలోకి లాగెయ్యండి, పిల్లల వేళ్ళు దారాల్లో చిక్కుకుంటాయి. ఇక ముఖ్యమైన విషయం, ఇది బిడ్డని చుట్టి ఎత్తుకోవడానికి, ఒళ్ళో పరుచుకోవడానికి మాత్రమే. ఏడాది లోపు పిల్లలు నిద్రపోయేటప్పుడు వదులు దుప్పటి, బొంత పక్కలో ఉండకూడదు. మొహం మీదికొస్తే వాళ్ళు తోసుకోలేరు. ఇచ్చేటప్పుడు ఆ తల్లికి నోటితో చెప్పండి, చీటీ రాస్తే ఎవరూ చదవరు. బరువు తక్కువ పిల్లల్ని పెట్టే గదిలోకి బయటి బట్టలు రానివ్వరు, అక్కడ అడగనే అడగొద్దు.

మీ చెల్లెలుగారి అభ్యంతరం నేను కొట్టిపారెయ్యను. అలాగని మన ఇళ్ళల్లో బిడ్డ పుట్టగానే మొదట వేసేది పాత మెత్తటి గుడ్డే కదా, కొత్తబట్టలు బారసాల నాటికి. అమ్మమ్మ చీరలో చుట్టని బిడ్డ మా వార్డులో నాకు గుర్తులేదు, ఆ అమ్మమ్మల్లో అందరూ బతికున్నవాళ్ళా? అయినా ఎవరి నమ్మకం వాళ్ళది. "ఇవి మా అమ్మ చీరలు, ఆవిడ పోయారు" అని చెప్పి ఇవ్వండి. వద్దంటే నవ్వి ఊరుకోండి.

నన్నడిగితే మీ పెద్ద బొంతలకి సరైన గిరాకీ ఆసుపత్రి వరండాలోనే ఉంది. రోగికి మంచం ఉంటుంది. తోడొచ్చిన మనిషి పేపరు పరుచుకుని గచ్చు మీద పడుకుంటుంది. వాళ్ళకి ఒక్క చీర, మూడు పొరల బొంత ఇస్తే చంకలో పెట్టుకుని ఊరికి పట్టుకుపోతారు. హెడ్ సిస్టర్ని ముందు కలవండి, తిన్నగా వార్డులోకి వెళ్ళి పంచకండి, తొక్కిసలాట అవుతుంది.

ఇంకోటి, చీరలకి గంజి ఉంటే ముందు పూర్తిగా పోగొట్టండి. గంజి బట్టకి పురుగు పడుతుంది.

వన్‌టౌన్ కుర్రాడు:

ఆంటీ, మా నాన్నగారిది వస్త్రలత బట్టల మార్కెట్ దగ్గర్లో టైలరింగు. రోజూ సంచెడు ముక్కలు మిగుల్తాయి, మీకైతే ఫ్రీ. కాకపోతే అందులో సగం పాలిస్టరే. కాటన్ ఏదో తెలియాలంటే ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించండి. కాటనైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. మా అమ్మ అయితే పేరంటాల జాకెట్టు ముక్కలన్నీ మీకే ఇచ్చేస్తానంటోంది, మా ఇంట్లో పుట్టి ఊరంతా తిరిగి మళ్ళీ మా ఇంటికే వచ్చిన ముక్క ఒకటుందట. ముదురు ఎరుపు, నీలం మాత్రం విడిగా నానబెట్టి చూడండి. రంగు దిగితే మీ మీగడ చీరలన్నీ గులాబీ రంగైపోతాయి.

మాజీ క్యాషియర్, గుంటూరు:

ఉద్యోగరీత్యా ఉత్తర కన్నడ జిల్లా యల్లాపురంలో కొన్నేళ్ళున్నాను. అక్కడ సిద్దీలని ఉన్నారు, వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే బొంతని కవంది అంటారు. వరండాలో కూర్చుని కుడుతుంటే గంటలు గంటలు చూసేవాణ్ణి (మా ఆవిడ దీనికి ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది).

మనం మధ్యలోంచి వరస వరసగా కుడతాం, వాళ్ళు ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంబడే చుట్టుకుంటూ లోపలికి వస్తారు. ముక్క అంచు లోపలికి మడవడం, పైన పెట్టడం, పొరలన్నీ కలిపి కుట్టుకుంటూ పోవడం. అంచు ముందే బిగిసిపోతుంది కాబట్టి తర్వాత బార్డరు వెయ్యక్కర్లేదు. చివర్లో నాలుగు మూలలా మడత పెట్టిన చిన్న ముక్కోణాలు కుడతారు, వాటిని ఫూలా అంటారు, పువ్వులన్నమాట. అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు.

మీకు మధ్యలో పొర జారి ముడతలు పడుతుంటే ఈ పద్ధతి చూడండి. నా వల్లయితే కాలేదు. ఒకటి మొదలుపెట్టి మూడో చుట్టులో వదిలేశాను, ప్రస్తుతం స్కూటర్ తుడవడానికి ఉంది.

పటమట శనివారం:

అక్కయ్యగారూ, మేం నలుగురం ఉన్నాం. పేరూ లేదు, బోర్డూ లేదు. శనివారం మూడింటికి మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద గదిలో చాప వేసుకుని కూర్చుంటాం, ఆరింటికి లేస్తాం. ఒకావిడ మిషన్ మీద పై ముక్కలు అతుకుతుంది, మిగతా ముగ్గురం చేత్తో కుడతాం. నియమం ఒక్కటే, ఒకరి కుట్టు ఇంకొకరు విప్పకూడదు. దీని మీద ఒకసారి గట్టి గొడవే అయ్యింది, అందుకే నియమం.

మా బొంతలు పాడేరు వైపు పిల్లలకి వెళ్తాయి. మాలో ఒకావిడ కొడుకు అక్కడ టీచరు. మన బెజవాడలో మే నెలలో బొంత చూస్తేనే చెమటపడుతుంది, చలికాలమైనా రెండు నెలల ముచ్చట. ఆ కొండల్లో, లంబసింగి దగ్గర, డిసెంబరు, జనవరిలో ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కి పడిపోతుంది. మీ ఆరు పొరల బొంతలకి అదే సరైన చోటు. మొదటిసారి మేమూ అడక్కుండా పంపాం. అందులో దూది నింపాం, పక్కనే ఉన్న గుంటూరు జిల్లాలో దూదికి కరువా అని. కుట్టు బెత్తెడు ఎడం పెట్టాం. రెండు ఉతుకులకి దూదంతా ఒక మూలకి చేరి ముద్దలు కట్టింది, పిల్లలు దాన్ని దిండుగా వాడుకుంటున్నారని ఫోన్ వచ్చింది! అప్పట్నుంచి చీర పొరలే, కుట్టుకీ కుట్టుకీ మధ్య వేలెడు ఎడం. ముందు ఫోన్ చేసి ఎన్ని, ఏ కొలత అని కనుక్కుంటాం. మంచం చిన్నది కాబట్టి రెండున్నర అడుగుల వెడల్పు చాలన్నారు. మీ 45 అంగుళాల పన్నాలో మూడో వంతు మిగులుతుంది, ఆ ముక్కలు రెండేసి అతికి పురిటి బొంతలు చేసుకోవచ్చు. లెక్కల టీచరుకి నేను చెప్పాలా.

మెసేజ్ పెట్టండి, అడ్రసు పంపిస్తాను. టీ మేమిస్తాం, సూది మీది.

పాతచీరల టీచరు (మూడు వారాల తర్వాత):

అందరికీ జవాబు ఆలస్యమైంది, కుడుతున్నాను మరి.

ముందు ఆశ్రమానికి వెళ్ళి ఆ రెండు బొంతలూ తిరిగి అడిగాను. ఇచ్చింది మళ్ళీ అడగడమా అని గేటు దగ్గర పది నిమిషాలు తచ్చాడాను. వార్డెనమ్మ స్టూలెక్కి తనే దింపిచ్చింది, బీరువా మీద చోటు ఖాళీ అయినందుకు ఆవిడ మొహం వెలిగిపోయింది. పోనీ మీకేం కావాలో చెప్పండమ్మా అంటే, తలగడ గలీబులు అంది. పిల్లలకి నూనె తలలు, వారానికోసారి మార్చాలట. మూడు చీరలు వాటికి పక్కన పెట్టాను.

ఆ రెండూ, ఇంట్లో ఉన్న ఐదూ పటమట వెళ్ళాయి. అక్కడ నా కుట్టు చూసి ఎవరూ ఏమీ అనలేదుగానీ, పొడుగ్గా ఉందని మాత్రం అందరి కళ్ళూ చెప్పాయి. దారాన్ని కొవ్వొత్తికి రాసుకుంటే చిక్కుపడదని అక్కడే నేర్చుకున్నాను. ఇన్నేళ్ళూ దారంతో యుద్ధం చేశాను.

నర్సుగారూ, చిన్నవి నాలుగయ్యాయి. చెప్పి ఇచ్చాను. ఒకావిడ వద్దంది, ముగ్గురు తీసుకున్నారు. ఒక బిడ్డ అమ్మమ్మ మాత్రం "మీ అమ్మగారి పేరేంటి?" అని అడిగి, పేరు విని, చీర వాసన చూసి తీసుకుంది. మా చెల్లెలికి ఇంకా చెప్పలేదు.

క్యాషియరుగారూ, మూల నుంచి కుట్టే పద్ధతి నాకు రెండో చుట్టు దాకా వచ్చింది. మీ స్కూటర్ గుడ్డ ఫోటో పెడతారా, మూల ఎలా తిప్పారో చూడాలి. వన్‌టౌన్ బాబూ, మీ షాపు ఆదివారం తీస్తారా? మీ అమ్మగారి జాకెట్టు ముక్కల కోసం పెద్ద సంచీ తెస్తాను.