ఏడీహెచ్‌డీ: విసుగు పుట్టించే పనిలోకి దిగేదెలా?

కృష్ణలంక (ప్రశ్న):
తమ్ముడికి 27 ఏళ్లు. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపడం కష్టమయ్యే సమస్య) అని సైకియాట్రిస్టు తేల్చారు, దానికి మిథైల్‌ఫెనిడేట్ అనే మందు వాడుతున్నాడు. చెస్ ముందు గంటలకొద్దీ కదలడు. బట్టలు మడత పెట్టడం, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేయడం మాత్రం మొదలే కావు. ఇంట్లో బద్ధకం అంటున్నారు. మందు వాడుతున్నా ఎందుకిలా? ఈ పనులు కాస్త ఇష్టంగా చేయాలంటే ఏం మార్చాలి?

నల్లమల:
బద్ధకం కాదండీ. చెస్‌లో ప్రతి ఎత్తుకీ ఫలితం అప్పటికప్పుడే కనిపిస్తుంది. రిటర్న్ వేస్తే రీఫండ్ ఎప్పటికో వస్తుంది. ఫలితం దూరమైన కొద్దీ ఎవరికైనా ఊపు తగ్గుతుంది, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి మరీ త్వరగా తగ్గుతుంది. అందుకే "చేస్తే నీకే మంచిది" అన్నా కదలరు.

మందు దృష్టి నిలవడానికి సాయం చేస్తుంది, దేని మీద నిలపాలో చెప్పదు. మామూలు మాత్ర అరగంట, గంటలో పట్టుకుని సుమారు నాలుగు గంటలు ఉంటుంది. ఆ వేళకి ఎదురుగా ఫోన్ ఉంటే ఆ దృష్టంతా ఫోన్‌కే పోతుంది. మాత్ర వేసుకునే ముందే పని బల్ల మీద సిద్ధంగా ఉండాలి. డోసు సంగతి మాత్రం డాక్టరుతోనే.

ఓటీ_గది:
బట్టల గురించి చెప్తాను. అందులో మూడు పనులున్నాయి: వేరు చేయడం, మడత పెట్టడం, బీరువాలో సర్దడం. చాలామంది ఆగేది మూడోదాని దగ్గరే, లోపల చోటుండదు కాబట్టి. ముందు ఒక అర ఖాళీ చేయండి. లోదుస్తులు, సాక్సులు, ఇంట్లో వేసుకునే టీషర్టులకి మడతే అక్కర్లేదు, మూతలేని బుట్టలో వేసేయండి. మిగిలినవి ఒక విడతకి 15 చాలు.

చెస్ ఇష్టం కాబట్టి పందెం పనికొస్తుంది: ఒక పాట అయ్యేలోపు ఎన్ని చొక్కాలు? నచ్చిన పాడ్‌కాస్ట్ ఈ పనికే దాచిపెట్టినా మంచిదే. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికా పరిశోధకురాలు కేథరిన్ మిల్క్‌మన్ బృందం కొందరికి ఉత్కంఠ రేపే ఆడియో పుస్తకాలు జిమ్‌లోనే వినే ఏర్పాటు చేసింది. మొదట్లో రాకపోకలు పెరిగాయి, సెలవుల తర్వాత ఆ ఊపు పోయింది. కాబట్టి ఎర మారుస్తూ ఉండాలి. పాతబడితే "ఇదీ పనిచేయలేదు" అని వదిలేయకండి, కొత్తది పెట్టండి. టైమర్ ఫోన్‌లో వద్దు, వంటింటి టైమర్ కొనండి.

పన్ను_పద్దు:
రిటర్న్‌కి పాడ్‌కాస్ట్ పనికిరాదు. చదివే మాటలకి వినే మాటలు అడ్డం. వీణో వేణువో పెట్టుకోమనండి. మొదటి రోజు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోంచి ఏఐఎస్, 26ఏఎస్ (ఏడాది ఆదాయం, కట్టిన పన్ను వివరాలుండే పత్రాలు) దించుకుని ఆపేయాలి. ఊపు వచ్చినా సరే, ఆపాలి. రెండో రోజు ఆఫీసు ఇచ్చే ఫారం 16తో జీతం, టీడీఎస్ (ముందే కోసిన పన్ను) సరిచూసుకోవాలి, బ్యాంకు వడ్డీ కూడా చూసుకోవాలి. మూడో రోజు సబ్మిట్, వెంటనే ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై. ఈ ఒక్కటీ మిగిలిపోయే ప్రమాదం ఎక్కువ. 30 రోజుల్లో చేయకపోతే రిటర్న్ వేసిన తేదీ చెల్లదు, ఆలస్య రుసుము పడొచ్చు.

లేచే ముందు తర్వాతి అడుగు చీటీ మీద రాసి ల్యాప్‌టాప్‌కి అంటించమనండి. మీరు పక్కన కూర్చుని మీ పని మీరు చేసుకోండి. దీన్నే బాడీ డబ్లింగ్ అంటారు, వీడియో కాల్‌లోనైనా పనిచేస్తుంది.

కృష్ణలంక:
బీరువాలో చోటు లేని మాట నిజమే. మధ్యలో వదిలేస్తే గుర్తు చేయొచ్చా?

ఓటీ_గది:
ఒక్కసారి చేయండి. "అయిందా?" అని కాకుండా "తర్వాత ఏది తీస్తావు?" అని అడగండి.