బంజారాహిల్స్‌లో పెద్దవాళ్లతో అద్దెకుండటం ఎలా ఉంటుంది?

సింధు_విజయనగరం:
అమ్మానాన్నల్ని మా దగ్గరికి తెచ్చుకుంటున్నాం. నాన్నకు మోకాళ్ల నొప్పులు, నెలనెలా నిమ్స్ ఆసుపత్రిలో చూపించాలి. రోడ్ నంబర్ 12లో ఒక ఫ్లాట్ నచ్చింది. అక్కడ ఉన్నవాళ్లు మంచీచెడూ చెప్తారా?

పాత_బంజారా:
ఏరియా పేరు పక్కనపెట్టి, గేటు ముందు రోడ్డు ఎంత ఏటవాలుగా ఉందో చూడండమ్మా. ఇవన్నీ రాతి గుట్టల మీద లేచిన కాలనీలు. మా అమ్మ మందుల షాపు దాకా దిగేది, తిరిగి ఎక్కలేక ఆటో పిలిచేది. ఫుట్‌పాత్ ఉన్నచోట కూడా మధ్యలో ట్రాన్స్‌ఫార్మరో, ఆపిన కారో అడ్డం. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఇంట్లోనే ఉండిపోతారు.

వేణు_హైద్:
నీళ్ల సంగతి కనుక్కోండి. ఎండాకాలం మొదలైతే మా బోరు ఎండిపోతుంది, ఇక ట్యాంకర్లే. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోనే ఉందా, విడిగా కట్టాలా? ఓనర్ని అడిగాక వాచ్‌మన్‌ని కూడా అడగండి. పోయిన ఎండాకాలం ఏం జరిగిందో అతను చెప్తాడు.

మాధవి_చెక్‌పోస్ట్:
మాకు మాత్రం కేబీఆర్ పార్కును వదిలి వెళ్లబుద్ధి కాదు. 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించబట్టి ఆ అడవి మిగిలింది. గుండె ఆపరేషన్ తర్వాత మామయ్యగారు అక్కడే నడక మొదలుపెట్టారు, తోటివాళ్లు కలిశారు, మనిషి తేరుకున్నారు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట, నిమ్స్‌కి దగ్గర. స్టేషన్లలో లిఫ్టులున్నాయి.

నందినగర్_అన్న:
అక్కా, మేం ఇక్కడి బస్తీలోనే ఉంటం. మా అమ్మ పెద్ద రోడ్ల ఇళ్లల్ల వంట చేస్తది, రోజూ ఆ ఎత్తు నడిచే ఎక్కుతది. పనివాళ్లను లిఫ్ట్ ఎక్కనియ్యని అపార్ట్‌మెంట్లు ఉన్నయి. అట్లాంటి రూల్ ఉందేమో ముందే అడుగుండ్రి. అమ్మ వయసోళ్లు నాలుగో అంతస్తుకు మెట్లెక్కి మీకు వండాలంటే చానా కష్టం.

సింధు_విజయనగరం:
తప్పకుండా అడుగుతాను తమ్ముడూ. అలాంటి రూల్ ఉన్న ఇల్లు మాకొద్దు. రోడ్ నంబర్ 12 ఫ్లాట్ ముందు కూడా బాగా ఎత్తే ఉంది. మాధవి గారూ, మీ వైపు ఖాళీలున్నాయా?

మాధవి_చెక్‌పోస్ట్:
పక్క వీధిలో గ్రౌండ్ ఫ్లోర్ ఉంది, రోడ్డు చదునే. కాకపోతే జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 పబ్బుల ట్రాఫిక్ శనివారం అర్ధరాత్రి దాకా వినిపిస్తుంది. పగలు చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి, శనివారం రాత్రి పది దాటాక నాన్నగారిని తీసుకుని ఒకసారి రండి.