నిత్యసహాయమాత పటం చేత్తో వేయించినవాళ్ళున్నారా?

గుణదల బస్సు:
అమ్మ అరవయ్యో పుట్టినరోజుకి ప్రింటు కాకుండా చేత్తో వేసిన పటం ఇద్దామని, ఆన్‌లైన్‌లో 14,000 పెట్టి కాన్వాసు మీద ఆయిల్ పెయింటింగ్ తెప్పించాను. మాత ముఖం బాగానే కుదిరింది. కానీ బాలయేసు కాలినుంచి జారి వేలాడాల్సిన చెప్పు లేదు! రెండు చెప్పులూ శుభ్రంగా తొడిగి, పట్టీలు బిగించి ఉన్నాయి. ఫోన్ చేస్తే "ఫోటోలో చెప్పు తెగినట్టుంది సార్, మేమే సరిచేశాం, దానికి ఎక్స్‌ట్రా తీసుకోలేదు" అన్నారు. పక్కనున్న అక్షరాలేమో పిచ్చిగీతల్లా ఉన్నాయి. వెనక బంగారు రంగు ఆర్నెల్లకే చిలుము పట్టినట్టు నల్లబడింది. ఈసారి ఎవరిచేత వేయించాలి, ఏం చెప్పి వేయించాలి?

పాత సెమినరీ:
అయ్యో, ఆ పటం కథంతా ఆ చెప్పులోనే ఉందండీ. ఎడమ పక్క మిఖాయేలు దూత చేతిలో ఈటె, స్పాంజి. కుడి పక్క గాబ్రియేలు దూత చేతిలో సిలువ, మేకులు. ముందు ముందు సిలువ మీద తాను పడబోయే శ్రమల గుర్తులు చూసి బిడ్డ జడుసుకుని తల్లి చేతుల్లోకి వచ్చేశాడు, ఆ కంగారులో చెప్పు ఊడింది. అందుకే మెడ అటు తిప్పి ఉంటాడు, రెండు చేతులతో అమ్మ చెయ్యి పట్టుకుని ఉంటాడు. చెప్పు తొడిగేస్తే ఇక భయమెక్కడుంది?

అక్షరాలు గ్రీకు పొడి అక్షరాలు. మాత తలకి అటూ ఇటూ ఉన్నవి "దేవుని తల్లి" అని, బిడ్డ దగ్గరవి "యేసు క్రీస్తు" అని. కొన్ని ప్రింట్లలో కనబడే కిరీటాలు 1867లో పెట్టినవి, మొదట వేసినవి కావు. మీకు కావాలో వద్దో ముందే చెప్పండి. మూలం చెక్క మీద వేసింది, రోములో సెయింట్ అల్ఫోన్సస్ గుడిలో ఉంది. ఎత్తు సుమారు 54 సెంటీమీటర్లు, అంతే. నేను చూసినప్పుడు "ఇంతేనా!" అనుకున్నాను. మన గుళ్ళలో నిలువెత్తు పటాలు చూసిన కళ్ళు కదా.

పచ్చసొన:
బొమ్మల కాలేజీలో చదివాను, ఇలాంటివి మూడు వేశాను, రెండు పాడుచేశాను. ఆ కాలపు చెక్క పటాలకి వాడింది ఆయిల్ కాదు, గుడ్డు సొన. పచ్చసొనని ఈ అరచేతిలోంచి ఆ అరచేతిలోకి దొర్లిస్తూ, మధ్యమధ్య చెయ్యి తుడుచుకుంటూ తెల్లసొనంతా పోగొట్టాలి. తర్వాత పైపొరని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని కింద సూదితో పొడిస్తే సొన గిన్నెలోకి జారుతుంది, పొర వేళ్ళకే ఉండిపోతుంది. అందులో నీళ్ళు, నూరిన రంగు. క్షణాల్లో ఆరిపోతుంది కాబట్టి ఆయిల్‌లా రుద్ది కలపడం కుదరదు, సన్నటి గీతలు పక్కపక్కనే గీస్తూ పోవాలి. మే నెల హైదరాబాదులో నాకు కుంచె మీదే ఆరిపోయింది.

ఇటలీలో 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని అనే చిత్రకారుడు ఈ పని గురించి రాస్తూ, పడుచువాళ్ళ ముఖాలకి పట్నం కోడిగుడ్డు సొన వాడమన్నాడు, అది పాలిపోయి ఉంటుందట. ముసలివాళ్ళకీ చామనఛాయవాళ్ళకీ పల్లెటూరి గుడ్డు! నాటుకోడి గుడ్డుతో నేనూ చేసి చూశాను, తేడా ఉంది. ఆ ఇటలీ పద్ధతిలో ముఖానికి ముందు ఆకుపచ్చ మట్టిరంగు పూసి, దాని మీద గులాబీ వేస్తారు.

కింద చెక్కకి సుద్ద, తోలు జిగురు కలిపి పూతలు పూతలుగా పట్టించాలి. కొండపల్లి బొమ్మకి మక్కు పెట్టినంత ఓపిక కావాలి. దాని మీద మెత్తటి ఎర్రమట్టి, దాని మీద బంగారు రేకు, ఆపైన నున్నటి రాయితో రుద్దడం. రేకు అతికించేటప్పుడు ఫ్యాన్ కట్టేయండి, నా రేకు ఒకటి పక్కింటి బాల్కనీలో దొరికింది. మీ దాంట్లో నల్లబడింది ఇత్తడి పొడి అయి ఉంటుంది. అసలు బంగారానికి చిలుము పట్టదు.

సూటిగా:
నాదో చిన్న సందేహం. ఎంత చేసినా నకలే కదా. 300 రూపాయల ప్రింటు ముందు చేసిన ప్రార్థన దేవుడికి వినబడదా?

బెల్జియం బావ:
వినబడుతుంది. కానీ నకలు అని తీసిపారేయకండి. మాకు దగ్గర్లోనే, ఫ్రాన్సులోని కాంబ్రేలో, ఒక మరియమాత పటం ఉంది. 1450లో రోమునుంచి తెచ్చారు, లూకా సువార్తికుడు స్వయంగా వేశాడని జనం నమ్మారు. నిజానికి 1340 ప్రాంతంలో ఇటలీలో బైజాంటైన్, అంటే తూర్పు క్రైస్తవుల పాత పద్ధతిలో వేసింది. దానికి మూడు నకళ్ళు వేయమని 1454లో పెట్రస్ క్రిస్టస్ అనే చిత్రకారుణ్ణి అడిగారు. మరుసటేడు హేన్ అనే బ్రస్సెల్స్ చిత్రకారుడికి ఏకంగా పన్నెండు పురమాయించారు. అప్పటి లెక్కలో నకలంటే దొంగ సరుకు కాదు, మాతని ఇంకో ఊరికి తీసుకెళ్ళడం.

మా ఘెంట్ కథ ఇంకా విచిత్రం. వాన్ ఐక్ సోదరులు వేసిన, 1432లో పూర్తయిన పెద్ద పీఠచిత్రంలో (గుడి బలిపీఠం మీద నిలిపే పలకల చిత్రం) ఒక పలక 1934లో దొంగలు ఎత్తుకుపోయారు, ఇప్పటికీ దొరకలేదు. ఆ ఖాళీలో ఉన్నది యెఫ్ వాండర్‌వేకెన్ చేత్తో వేసిన నకలు. గుడికి వచ్చినవాళ్ళు మిగతావాటితో కలిపి దాన్నీ నోరెళ్ళబెట్టి చూస్తారు. నేనూ చూశాను, ఎవరో చెప్పాకగానీ తెలియలేదు.

రేకుల షెడ్డు:
మేము తంజావూరు బొమ్మలు వేసే ఆయనచేత వేయించుకున్నాం. సుద్ద, బంగారు రేకు ఆయనకి కొట్టినపిండి. ఒకటే ఇబ్బంది, అలవాటు కొద్దీ చీర అంచు, నగలు ఉబ్బెత్తుగా తేల్చి, రాళ్ళు పొదిగేస్తారు. "అయ్యా, మాతకి నగలొద్దు, ముసుగు మీద నక్షత్రం చాలు" అని మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. సగం డబ్బు ముందు ఇవ్వండి, పెన్సిల్ గీత అయ్యాక ఫోటో తెప్పించుకోండి, చెప్పు సంగతి అక్కడే తేలిపోతుంది.

గుణదల బస్సు:
అందరికీ థ్యాంక్స్. తంజావూరు ఆయనతో మాట్లాడదామని అమ్మకి చెప్పాను. ఒప్పుకోలేదు. ఫాదర్ గారు ఈ పటాన్ని ఎప్పుడో మంత్రించేశారట, మంత్రించిన పటం ఎవరైనా వెనక్కి పంపుతారా అంది. సరే, చెప్పయినా దిద్దిస్తానన్నాను. కాసేపు చూసి, "ఉండనీరా, ఆ బిడ్డ భయపడటం రోజూ చూడలేను" అంది. కాబట్టి నల్లబడిన చోట బంగారు రేకు, గ్రీకు అక్షరాలు, ఈ రెండే చేయిస్తున్నాను. కాన్వాసు మీద రేకు నిలుస్తుందా, పచ్చసొన గారూ?