బ్యూరో అంటే రాత బల్లా, సొరుగుల పెట్టా?

ప్రశ్న: పాత ఫర్నిచర్ వేలం జాబితాల్లో ఒకచోట బ్యూరో అంటే రాసుకునే డెస్క్, ఇంకోచోట బట్టల సొరుగుల పెట్టె. ఏది సరైనది?

జవాబు: రెండూనండి. బ్రిటన్‌లో ఏటవాలు మూత దించి రాసుకునే డెస్క్. అమెరికాలో పడకగదిలో సొరుగుల పెట్టె. మూలం ఫ్రెంచి: లెక్కలు రాసే బల్లమీద పరిచిన ముతక ఉన్ని గుడ్డ పేరు ముందు బల్లకు, తర్వాత ఆఫీసుకూ పాకింది.

జవాబు: ఆ రాత డెస్క్ పైన పుస్తకాల అర కూడా ఉంటే బ్రిటన్‌లో బ్యూరో బుక్‌కేస్, అమెరికాలో సెక్రటరీ.

జవాబు: పేరు తేలింది కదా, రాత డెస్క్ కొనేముందు మూతను పట్టి ఉంచే బందులు (కీళ్లు) చూడండి. మూత దించేముందు ఇరువైపులా ఉన్న ఆధార కడ్డీలు పూర్తిగా బయటికి లాగాలి. మరిచిపోతే బరువంతా బందులమీద పడి, స్క్రూలు చెక్కను చీల్చుకుని ఊడొస్తాయి. బందుల పక్కన అతుకు చెక్క కనిపిస్తే చాలావరకు కారణం అదే.