పష్తూన్ల జిర్గా: న్యాయమా, పెద్దల పెత్తనమా?

గోదారిగట్టు:
పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలోని పష్తూన్ తెగల్లో పెద్దలు కూర్చుని తగవులు తీర్చే సభ జిర్గా. ఆ పేరు వినగానే అనాగరికమని తీర్మానించేవారు ముందు అది నడిచే తీరు తెలుసుకోవాలి. ఇరుపక్షాలూ తీర్పు చెప్పే అధికారాన్ని పెద్దలకు అప్పగిస్తాయి. దీన్ని ‘వాక్’ అంటారు. మాట తప్పబోమనడానికి హామీగా డబ్బో తుపాకులో ‘మచల్గా’ కింద ముందే పెద్దల చేతిలో పెడతాయి. అందరూ వలయంగా కూర్చుంటారు కాబట్టి ఎవరికీ ఎత్తుపీట ఉండదు. మా తాతగారు కోర్టులో వేసిన పొలం దావా మాత్రం నా చేతికి వచ్చినా ఇంకా వాయిదాల్లోనే ఉంది.

నల్లగొండ వకీలు:
ఆ వలయంలో ఆడవారు ఎక్కడ కూర్చుంటారో చెప్పండి. హత్య జరిగితే హంతకుడి ఇంటి ఆడపిల్లను హతుడి ఇంటికి పెళ్లి పేరుతో ఇచ్చి పగ చల్లార్చే ‘స్వారా’ను ఇలాంటి పెద్దలే ఖాయం చేశారు. పాకిస్తాన్ 2011లో చట్టాన్ని సవరించి, దీనికి మూడు నుంచి ఏడేళ్ల జైలు, ఐదు లక్షల రూపాయల జరిమానా విధించింది. ఆ పిల్ల ఎవరికి వాక్ ఇచ్చింది?

షార్జా శీను:
మా క్యాంపులో వజీరిస్తాన్ పష్తూన్ డ్రైవర్లు ఇద్దరు కొట్టుకుంటే, వాళ్ల పెద్దాయన రాత్రికి రాత్రే కూర్చోబెట్టి రాజీ చేశాడు. పోలీసుల దాకా వెళ్లి ఉంటే ఇద్దరి వీసాలూ పోయేవి.

గోదారిగట్టు:
అదే నేనూ అంటున్నాను. వకీలు గారూ, మీరు తిట్టే జిర్గా ఆంగ్లేయులది. 1901 నాటి సరిహద్దు నేరాల నిబంధనల కింద గిరిజన ప్రాంతాన్ని పాలించే ప్రభుత్వ అధికారి, అంటే పొలిటికల్ ఏజెంటే పెద్దలను నియమించేవాడు. ఒకడి నేరానికి తెగ మొత్తం జరిమానా కట్టేది. గిరిజన ప్రాంతాలు పాకిస్తాన్‌లోని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో కలిసిన 2018 వరకూ ఆ నీడ పోలేదు.

నల్లగొండ వకీలు:
స్వారాను కూడా ఆంగ్లేయులే తెచ్చారా? జిర్గాలు ఇష్టపూర్వకమైన మధ్యవర్తిత్వం చేయవచ్చు గానీ కోర్టుల్లాగా తీర్పులు, శిక్షలు ఇవ్వరాదని పాకిస్తాన్ సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది.

గోదారిగట్టు:
జనం కోర్టు మెట్లు ఎక్కకపోతే వకీళ్లకు బాధే మరి.

నల్లగొండ వకీలు:
మర్యాదగా మాట్లాడండి. మా అక్క వేరే కులం అబ్బాయిని చేసుకుందని మా ఊరి కులపెద్దలు మమ్మల్ని వెలివేశారు. పాడిగేదెను అమ్మి మా నాన్నగారు తప్పు కట్టారు. మా అమ్మను రచ్చబండ దగ్గరకు రానివ్వలేదు. వేపచెట్టు అవతల నిలబడి, తన కూతురి గురించి ఎవరెవరో మాట్లాడుతుంటే వింది. అక్కడా అందరూ నేల మీదే కూర్చున్నారు, ఎవరికీ ఎత్తుపీట లేదు.

మౌనిక:
పాకిస్తాన్‌లోని స్వాత్‌లో 2013లో తబస్సుమ్ అద్నాన్ అనే ఆవిడ ఆడవారి కోసం ‘ఖ్వెందో జిర్గా’ (అక్కచెల్లెళ్ల జిర్గా) పెట్టారు కదా?

గోదారిగట్టు:
మీ అమ్మగారికి జరిగింది అన్యాయమే. అందుకు మార్గం మౌనిక గారు చెప్పినదే: పద్ధతిని ఉంచి ఆడవారికి చోటు కల్పించడం.

నల్లగొండ వకీలు:
మగవారి జిర్గాలో చోటు దొరికి ఉంటే ఆమె వేరేది పెట్టవలసిన అవసరమే ఉండేది కాదు. అసలు నా అభ్యంతరం అంతకంటే పెద్దది. తీర్పును కాదంటే తెగ ఆయుధాల దండు ‘లష్కర్’ వచ్చి ఇల్లు తగలబెడుతుందని తెలిసినవాడు, ఆ ఊరు వదిలి బతకలేనివాడు ఇచ్చిన ఒప్పుకోలును నేను ఒప్పుకోలుగా లెక్కించను.

గోదారిగట్టు:
అమలు చేసే బలం లేని తీర్పు నాకు చిత్తుకాగితంతో సమానం, అలాంటివి మా ఇంట్లో ఒక పెట్టెడు ఉన్నాయి. తీర్పు నచ్చనివారు మరో జిర్గాను అడిగే ఆచారం కూడా ఆ తెగల్లో ఉంది.

నల్లగొండ వకీలు:
ఆ రెండో జిర్గాలో కూర్చునేదీ ఆ మగపెద్దలే కదండీ!